ఆపా మైనం బిళ్లలు

పరేల్, ముంబై
2009 ఏప్రిల్ 14

దుల్హాభాయ్‌కి సలాం.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. ఫోన్ చేస్తే మీరు లౌడ్‌స్పీకర్ పెడతారు. నేను మా అక్క జైతూన్ ఆపా జబ్బు సంగతి ఎత్తగానే మీ అన్న గులాం మొహమ్మద్ భాయ్ ఒక సలహా ఇస్తారు. పక్కింటివాళ్లు ఇంకొకటి ఇస్తారు. మీరు కోప్పడతారు. వెనక నుంచి ఆపా "బాగనే ఉన్న, బాగనే ఉన్న" అంటుంది. అంతటితో కాల్ అయిపోతుంది. కాగితానికి ఎవరూ అడ్డం రారు.

ఆపాకు పెద్దపేగులో గడ్డ తీసి ఏడాదిన్నర దాటింది. ఆ తర్వాత కాలేయంలో మచ్చలు తేలాయి. మామూలు కీమోకు తగ్గకపోతే హైదరాబాద్ డాక్టర్లు కొత్త మందు మొదలుపెట్టారు. అది క్యాన్సర్ కణాన్ని గురిచూసి కొట్టే మందు. ఆపా మొహం నిండా పొక్కులు లేచాయి గానీ మచ్చలు తగ్గలేదు. ఫిబ్రవరి స్కాన్‌లో ఇంకా పెరిగాయి.

ఎందుకు లొంగలేదో చెప్పే పరీక్ష ఇప్పుడు నేను పనిచేసే ఆస్పత్రి ల్యాబ్‌లో చేస్తున్నారు. గడ్డలో కేరాస్ అనే జన్యువు మారి ఉంటే ఆ మందు పనిచేయదు. అలాంటివారి కోసమే ఇక్కడ ఒక ప్రయోగ చికిత్స మొదలైంది. రెండు వేరే మందులు కలిపి ఇస్తారు. జూలై నెలాఖరు తర్వాత ఎవరినీ చేర్చుకోరు.

పరీక్షకు రక్తం సరిపోదు, ఆపరేషన్‌లో తీసిన గడ్డే కావాలి. మీరు హైదరాబాద్ ల్యాబ్‌కు వెళ్లి అడగండి. ఇవ్వం అంటే గట్టిగా అడగండి. అది ఆపా ఒంట్లో భాగం, మనకు హక్కుంది. తెచ్చాక ఎండలో పెట్టకండి, ఎక్కడబడితే అక్కడ పడేయకండి. మర్యాదగా చూసుకోండి. ఎలా పంపాలో తర్వాత రాస్తాను.

ఇక్కడ ఎండ మన సంగారెడ్డి ఎండలో సగం కూడా లేదు. చెమట మాత్రం మూడింతలు.

మీ మరదలు,
బషీరున్నీసా


పోతిరెడ్డిపల్లి
2009 ఏప్రిల్ 29

బషీరాకు దువా.

నీ ఉత్తరం అందింది. పాశమైలారంలో మా ప్లాంటు షట్‌డౌన్ నడుస్తోంది. షట్‌డౌన్ అంటే అందరికీ సెలవు, మా ఎలక్ట్రీషియన్లకు మాత్రం రెట్టింపు పని. అయినా ఒక పూట పర్మిషన్ తీసుకుని, మా షిఫ్టు కిష్టప్ప బండి మీద హైదరాబాద్ పోయాను.

ల్యాబ్ వాళ్లు ముక్క ఒకటి తీసుకుపొమ్మన్నారు, మిగతావి తమ దగ్గర ఉంటాయన్నారు. నేను ఒప్పుకోలేదు. "మా మనిషి ముక్క ఒక్కటి గూడ మీ దగ్గర ఉండొద్దు. అన్నీ ఇయ్యుండ్రి" అన్నాను. సంతకం పెట్టించుకుని అన్నీ ఇచ్చారు. గట్టిగా అడగమని నువ్వే రాశావు కదా. గులాం భాయ్ కూడా అదే చెప్పి పంపాడు. తెచ్చినవాటిని నువ్వు రాసినట్టే మర్యాదగా పెట్టాం. ఆ విషయంలో దిగులు పెట్టుకోకు.

మందు ఎందుకు లొంగలేదో తెలుసుకోవడానికి ముంబైలో పరీక్ష ఎందుకు? నన్ను అడిగితే చెబుతాను. మీ అక్క పత్యం ఉండదు. మొన్న పనికి పోయి వచ్చేసరికి చింతచిగురు పప్పు వండుకుని కూర్చుంది. "ఎన్నిసార్లు చెప్పాలె, పులుపు మందును ఇరగ్గొడ్తదని?" అన్నాను. "నోటికి రుచి లేకుంట ఇంకెన్ని దినాలు బతుకుమంటవు?" అని ఎదురు అడిగింది. ఇంత ఖరీదు మందు ఒంట్లోకి పోతుంటే పైనుంచి చింతచిగురు! నువ్వైనా చెప్పు. నా మాట వినదు.

సాదుల్లా


పరేల్, ముంబై
2009 మే 10

దుల్హాభాయ్‌కి సలాం.

ముందు చింతచిగురు సంగతి. పులుపుకూ ఈ మందుకూ ఏ సంబంధమూ లేదు. డాక్టర్‌ను అడిగే రాస్తున్నాను. ఆయన నవ్వారు కూడా. ఆపాను తిననివ్వండి. బరువు తగ్గితే ప్రయోగంలో చేర్చుకోవడమే కష్టమవుతుంది.

ఇక ముక్కలు. "మర్యాదగా పెట్టాం" అని రాశారు. ఎక్కడ పెట్టారు? బీరువాలోనా? ఫ్రిజ్ అవసరం లేదు. అవి చిన్న మైనం బిళ్లలు, గడ్డను మైనంలో పోతపోసి ఉంచుతారు. మైనం కరిగేంత వేడి తగలకపోతే చాలు, ఏళ్ల తరబడి చెడవు. దూది చుట్టి, గట్టి అట్టపెట్టెలో పెట్టి, సంగారెడ్డి బస్టాండు దగ్గర కొరియర్ ఉంది కదా, అక్కడ ఇవ్వండి. పైన నా పేరు, ల్యాబ్ చిరునామా రాయండి.

అన్నీ పట్టుకురావలసింది కాదు. ఒకటో రెండో అక్కడ ఉంటే మంచిదయ్యేది. సరే, తెచ్చారు కదా, పంపండి. ఆపా పేరు డాక్టర్ రాసుకున్నారు. ముక్క అందితేనే ఆ పేరు ఉంటుంది.

ఇక్కడ మా చాల్‌లో ఇన్ని వాటాలకూ కలిపి నీళ్లు తెల్లారి అరగంటే వస్తున్నాయి. ఆ అరగంటలో నేను మనిషిని కాను.

బషీరా


పోతిరెడ్డిపల్లి
2009 మే 26

బషీరాకు దువా.

నువ్వేం అడుగుతున్నావో నాకు అర్థం కావడం లేదు. పరీక్షకు కావలసినవి గాజుపలకలు కదా? ల్యాబ్ వాళ్లు అవి కూడా ఇచ్చారు. మీ అక్క గడ్డను పొరలా కోసి, రంగు వేసి, వాటి మీద అంటించారట. వాటిని రుమాల్లో చుట్టి బీరువాలోనే పెట్టాను. పంపమంటే రేపే పంపుతాను.

మైనం బిళ్లలంటావా, వాటిని మట్టికిచ్చాం. నేను తెచ్చిన రోజే గులాం భాయ్ చూశాడు. "మనిషి ఒంట్ల ముక్క ఇంట్ల పెట్టుకుంటరా? అది సుత మనిషే" అన్నాడు. నీకు తెలియనిది కాదు. ఈ చుట్టూ ప్రెస్ మిషన్లు వచ్చినప్పటి నుంచి మన వాళ్లలో ఎందరికి వేళ్లు పోలేదు? వేలు తెగితే ఆస్పత్రి నుంచి అడిగి తెచ్చి, గుడ్డలో చుట్టి కబ్రస్తాన్‌లో పెట్టేది గులాం భాయే. తూర్పు గోడ పక్కన వాటికొక మూలే ఉంది. మీ అక్కవి కూడా అక్కడే పెట్టాం. కొత్త తెల్లగుడ్డ, కర్పూరం, పైన మూతపెట్టిన మట్టిముంత. మర్యాదగా చూసుకోమని నువ్వే రాశావు. ఇంతకంటే మర్యాద ఏం చేస్తారు?

చేసినదానికి నువ్వు సంతోషిస్తావనుకున్నాను. నువ్వు అట్టపెట్టె, దూది అంటున్నావు.

సాదుల్లా


పరేల్, ముంబై
2009 జూన్ 4

దుల్హాభాయ్,

మీ ఉత్తరం చదివి ల్యాబ్‌లోనే తల పట్టుకు కూర్చున్నాను. పక్క టేబుల్ ఆవిడ ఎవరైనా పోయారా అని అడిగింది. లేదు, ఎవరూ పోకముందే పాతిపెట్టారు అని చెప్పాను.

రంగు వేసిన గాజుపలకలు ఈ ప్రయోగానికి పనికిరావు. బిళ్లలే కావాలి, వాటి నుంచి మేమే కొత్త పొరలు కోయాలి. మీరు పాతిపెట్టింది ముక్కను కాదు, ప్రయోగంలో ఆపా సీటును. గడ్డ ఎందుకు మందుకు లొంగడం లేదో ఆ మైనంలోనే ఉంది. వేరే ఎక్కడా లేదు. మీరు సంతకం పెట్టి అన్నీ తెచ్చేశారు కాబట్టి హైదరాబాద్‌లో కూడా లేదు.

వేళ్ల సంగతి నాకు తెలుసు. మా అబ్బాజాన్ చూపుడువేలు కూడా ఆ గోడ పక్కనే ఉంది. తెగిన వేలితో డాక్టర్‌కు ఇంక పని లేదు. దీనితో ఉంది. ఆ తేడా మీకు తడుతుందనుకోవడం నా బుద్ధితక్కువ. మొదటి ఉత్తరంలోనే అది ఎలా ఉంటుందో, ఏం చేస్తామో విడమరచి రాయవలసింది. రాయలేదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను, ఒక్కసారే ఒప్పుకుంటాను.

తవ్వి తీయండి. వానలు దిగకముందే తీయండి. ముంత గట్టిదైతే, మూత గట్టిదైతే, ఇంకా ఆశ ఉంది.

బషీరా


పోతిరెడ్డిపల్లి
2009 జూన్ 19

బషీరాకు,

తవ్వి తీయండి అని ఒక్క ముక్కలో రాసేశావు. ఇక్కడికి వచ్చి గులాం భాయ్‌తో నువ్వే మాట్లాడు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. చివరిదాకా విని, "మట్టికిచ్చింది మట్టిదే. మల్ల తీసుడు లేదు" అన్నాడు. నేను ప్రయోగం గురించి చెప్పాను. "ప్రయోగమంటె ఎలుకల మీద జేసేది. మన జైతూన్ ఎలుకనా?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. ఇచ్చిన మందే పనిచేయలేదు, ఎవరికీ ఇవ్వని మందు పనిచేస్తుందా? నువ్వక్కడ పనిచేస్తున్నావు కాబట్టి మీ డాక్టర్లకు ఒక మనిషిని చూపించాలని తొందరపడుతున్నావా?

కోపంతో రాశాననుకో. కొట్టేయడం లేదు.

మీ అక్కకు ఇవేవీ చెప్పలేదు. చెబితే భయపడుతుంది. ఈ మధ్య మధ్యాహ్నం కూడా పడుకుంటోంది, ఇదివరకు ఎప్పుడూ పడుకునేది కాదు. మొదటి వాన పడింది. ప్లాంటు వెనక వాగులో నురగ మళ్లీ మోకాలెత్తు లేచింది.

సాదుల్లా


పరేల్, ముంబై
2009 జూన్ 29

దుల్హాభాయ్,

మనిషిని చూపించాలని తొందరపడుతున్నానా అని అడిగారు. ఆమె మీకు భార్య కాకముందు నుంచి నాకు అక్క. ఆ మాట పక్కన పెడతాను, టైం లేదు.

హైదరాబాద్ ల్యాబ్‌కు ఫోన్ చేశాను, చిన్న తునక కూడా మిగల్లేదన్నారు. కాలేయంలోంచి సూదితో కొత్త ముక్క తీయొచ్చా అని ఇక్కడి డాక్టర్‌ను అడిగాను. స్కాన్ చూసి వద్దన్నారు. మచ్చ పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉంది, రక్తం ఆగకపోవచ్చు. ఇక మిగిలింది మీ తూర్పు గోడ.

ఎలుకల మాటకు జవాబు. ఎలుకల మీద చేయడం ముందే అయిపోయింది. ఇప్పుడు మనుషులకు ఎంత ఇస్తే సరిపోతుందో, ఎవరికి పనిచేస్తుందో చూస్తారు. పనిచేస్తుందని నేను మాట ఇవ్వలేను. పాత మందుతోనే ఉంటే పనిచేయదని మాత్రం దాదాపు ఖాయంగా చెప్పగలను.

ఒక్క విషయం నాకు ఇప్పుడే తట్టింది. మూడు నెలలుగా మీరు, నేను, గులాం భాయ్ కొట్లాడుకుంటున్నాం. ఆ ముక్క ఎవరి ఒంటిదో ఆ మనిషిని ఒక్కరమూ అడగలేదు. ఈ ఉత్తరం ఆపాకు చదివి వినిపించండి. మీరు చదవకపోతే నేను ఫోన్ చేస్తాను. లౌడ్‌స్పీకర్ పెట్టమని నేనే అడుగుతాను.

బషీరా


పోతిరెడ్డిపల్లి
2009 జూలై 11

బషీరాకు దువా.

కొరియర్‌లో పంపాను. రసీదు ఇందులో పెట్టాను. ఎలా జరిగిందో వరసగా రాస్తాను.

నీ ఉత్తరం మీ అక్కకు చదివాను. రెండుసార్లు చదివించుకుంది. భయపడలేదు. "ఎవర్ని అడిగి నన్ను బొంద వెట్టిండ్రు?" అంది. బురఖా వేసుకుని, ఆటో పిలవమంది. ఎక్కడికని అడిగితే జవాబు చెప్పలేదు.

కబ్రస్తాన్ గేటు దగ్గర దిగింది. గులాం భాయ్ లోపల గడ్డి కోయిస్తున్నాడు. చూసి పరుగున వచ్చాడు. "జైతూన్, ఆడోళ్లు ఈడికి రావద్దు. ఇంటికి పో బిడ్డా" అన్నాడు.

"నడిచొస్తె రావద్దంటున్నరు భాయ్‌సాబ్. రేపు నలుగురు మోసుకొస్తె రానిస్తరా?"

మీ అక్క గేటు పట్టుకుని నిలబడింది. ఊపిరి అందడం లేదు, అయినా ఆపలేదు. "నమాజు చదివిండ్రా దానికి? చదవలేదు. ఎందుకంటె నేను సావలేదు. సావని మనిషికి బొంద ఏంది? నాది నాకు ఇయ్యుండ్రి. అండ్ల ఏమున్నదో నేను సూసుకోవాలె."

"మౌల్వీ సాబ్‌ను ఒకమాట అడిగి..." అన్నాడు భాయ్.

"అడుగుండ్రి. నేను ఈడ్నె కూసుంట" అని గేటు అరుగు మీద కూర్చుంది. వాన మొదలైంది. గొడుగు పట్టబోతే నన్ను తోసేసింది.

భాయ్ మసీదుకు పోయి వచ్చాడు. మౌల్వీ సాబ్ ఏమన్నాడో నాకు చెప్పలేదు. నేను గడ్డపార అందుకోబోతే చేయి పట్టుకున్నాడు. "ఇనుము వద్దు. తగిలితె పలుగుతది" అని, బిస్మిల్లా అని మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే తవ్వాడు. పాతిన అన్ని వేళ్ల మధ్య ఎవరిది ఎక్కడ ఉందో ఆయనకే తెలుసు. గుర్తురాయి కూడా లేదు. తీసి, మట్టి తుడిచి, మీ అక్క చేతికే ఇచ్చాడు. మీ అక్క మూత తీసి చూసింది. "గింతేనా?" అంది.

గుడ్డ తడిసింది. ఒక బిళ్ల అంచులు పగిలాయి. మిగతావి నా కళ్లకు బాగానే ఉన్నాయి. నా కళ్లతో నీకేం పని, నువ్వే చూడు.

సాదుల్లా


పరేల్, ముంబై
2009 జూలై 28

దుల్హాభాయ్‌కి సలాం.

పెట్టె విప్పగానే ల్యాబ్ అంతా కర్పూరం వాసన. మా పెద్ద డాక్టర్ ఇదేమిటని అడిగారు. చెప్పాను. ఒక బిళ్లను వెలుతురుకు పట్టి తిప్పి చూశారు. తర్వాత "కోయండి" అన్నారు.

పగిలిన బిళ్ల పోయింది. మిగతా వాటిలో పైపొరలు చెమ్మకు పాడయ్యాయి. వాటిని తీసేసి లోపలికి కోస్తే ముక్క శుభ్రంగా ఉంది. నేనే కోశాను. వేరేవాళ్లు కోస్తామన్నారు, ఇవ్వలేదు.

ఫలితం వచ్చింది. కేరాస్ మారింది. అంటే ఆ కొత్త మందు ఆపాకు మొదటి రోజు నుంచీ పనిచేసే అవకాశం లేదు. కణం బయట ఒక మీట లాంటిది ఉంటుంది, పెరగమనే సంకేతం దాని నుంచే లోపలికి పోవాలి. ఆ మందు మీటను మూసేస్తుంది. ఆపా గడ్డలో ఆ మీటకు కింద, లోపల ఉన్న స్విచ్చే ఆన్‌లో బిగుసుకుపోయింది. బయట మూసినా లోపల ఆగదు. ఆ స్విచ్చునే ఆపే మందు ఇంకా ఎవరి దగ్గరా లేదు. దాని నుంచి సంకేతం పోయే రెండు దారులను మూయడమే ఈ ప్రయోగం.

ఆపా పేరు ఖాయమైంది. ఆగస్టు రెండో వారంలో తీసుకురండి. విరేచనాలు అవుతాయి, చర్మం మళ్లీ పొక్కుతుంది, కళ్లు మసకబారవచ్చు. ఇవన్నీ ఆపాకు చెప్పండి. దాచకండి. ఇష్టమైతేనే రమ్మనండి.

బషీరా


పోతిరెడ్డిపల్లి
2009 ఆగస్టు 5

బషీరాకు దువా.

నీ మీట, స్విచ్చు మొదట బుర్రకెక్కలేదు. షిఫ్టులో ప్యానెల్ ముందు కూర్చుని మళ్లీ చదివాను. మా దగ్గర ఇది జరిగేదే. లోపల కరెంటు కలిపే కాంటాక్టర్ పాయింట్లు అతుక్కుపోతే బయట స్టాప్ బటన్ ఎంత నొక్కినా మోటార్ ఆగదు. అప్పుడు ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. మోటార్‌కు పోయే కరెంటు తీసేయాలి. నువ్వు చెప్పే రెండు దారులు అవే కదా?

ఇలా మొదటే ఎందుకు రాయలేదు? నాలుగు నెలలు జన్యువు, జన్యువు అంటే నాకేం తెలుస్తుంది?

మీ అక్కకు ఇదే చెప్పాను. విని, "అంటె నా తిండి తప్పు గాదు" అంది. కాదన్నాను. "మల్ల అను" అంది. మళ్లీ అన్నాను. గులాం భాయ్ ముందు కూడా అనమంది. అన్నాను. ఇంట్లో ఇప్పుడు నా మాటకు విలువ లేదు.

విరేచనాలు, పొక్కులు, కళ్లు, అన్నీ చెప్పాను. టికెట్ తీయమంది. పన్నెండో తారీకు హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్. నాకు నాలుగు రోజులే సెలవు ఇచ్చారు. దింపి వచ్చేస్తాను.

సాదుల్లా


పరేల్, ముంబై
2009 అక్టోబర్ 24

దుల్హాభాయ్‌కి సలాం.

మొదటి స్కాన్ వచ్చింది. మచ్చలు పెరగలేదు. తగ్గనూ లేదు. డాక్టర్ చేయి కలిపారు. ఫిబ్రవరి నుంచి ప్రతి స్కాన్‌లోనూ పెరుగుతున్నవి ఆగడం ఇదే మొదటిసారి. ఆపా మాత్రం "ఏడవాల్నా, నవ్వాల్నా? ఒక్కటి జెప్పుండ్రి" అని ఆయన్నే నిలదీసింది. ఈసారికి నవ్వమన్నారు.

ఇక నా గోడు వినండి. మీ భార్య నా వంటగదిని మొత్తం తిరగేసింది. నా చాకు నాకు దొరకదు. నీళ్ల అరగంటలో చాల్ ఆడవాళ్లందరితో తెలుగులోనే కొట్లాడుతుంది, వాళ్లు మరాఠీలో. ఎవరూ ఓడిపోవడం లేదు. విరేచనాలు ఆగే మందు వేసుకోమంటే ప్రతిరోజూ ఒక యుద్ధం. దీపావళి సెలవుల్లో మీరు వస్తానన్నారు, రాలేదు. డిసెంబర్ స్కాన్‌కైనా రండి. నాకూ షిఫ్టులున్నాయి.

ఒక విషయం మిగిలింది. నిన్న డాక్టర్ ఒక కాగితం తెచ్చారు. ఈ మందులకు కూడా గడ్డ ఎప్పుడో ఒకప్పుడు లొంగడం మానేయవచ్చు, అప్పుడు వీలైతే ఇంకో ముక్క తీసి ఎలా తప్పించుకుందో చూస్తామని అందులో ఉంది. పాత బిళ్లల్లో మిగిలింది కూడా ఇక్కడే ఉంచుకుంటామన్నారు. నేను చదివి చెప్పాను. ఆపా ఆయన్ని అడిగింది.

"ఏడ పెడ్తరు?"

"ల్యాబ్ బీరువాలో."

"ఎన్ని దినాలు?"

"పదిహేనేళ్లు. ఇంకా ఎక్కువే ఉండొచ్చు."

"అంటె నాకన్న ఎక్కువే" అంది ఆపా. డాక్టర్ నేల చూశారు. ఆపా మాత్రం నా వైపు తిరిగి, "మట్టిల వెడ్తె అది నా ఒక్కదానిదే. ఈడ ఉంటె, ఇట్లనె మందు వనిజేయనోళ్లకు ఎవలికైన దారి జూపిస్తదా?" అని అడిగింది. చూపించవచ్చు అన్నాను. పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

దాని అర్థం గులాం భాయ్‌కి తెలియాలి. ఆ బిళ్లలు తిరిగి రావు. తూర్పు గోడ పక్కన ముంత తీసిన గుంటను, బిళ్లలు మళ్లీ వస్తాయని ఆయన ఖాళీగానే ఉంచారని మీరు ఫోన్‌లో అన్నారు. పూడ్చేయమని చెప్పండి. మీరే చెప్పండి. ఆపా చెప్పదట, నాకు ఓపిక లేదు.

బషీరా